పర్శరాములు చెప్పిన అరబ్బు సీరియల్

రాస్ అల్ ఖైమా కొండల కింద ఉన్న రాళ్ల క్వారీలో పర్శరాములుది క్రషర్ దగ్గర పని. పెద్ద బండలు పైనుంచి దొర్లుకుంటూ వచ్చి ఇనుప నోట్లో పడతాయి, కింద కంకరై రాలుతాయి. మధ్యలో ఇరుక్కున్న రాయిని గడ్డపారతో తప్పించడం అతని వంతు. జగిత్యాల అవతలి పల్లె నుంచి వచ్చిన కొత్తలో ఆ మోత నిద్రలో కూడా వినబడుతోందని చెప్పేవాడు. కొన్నేళ్లకు నిద్రలో వినబడడం మానేసింది. తర్వాత తర్వాత మిగతావి కూడా ఒక్కొక్కటే మానేశాయి.

మొదట పక్క మంచం మీది గుసగుసలు పోయాయి. ఆ తర్వాత వంటగదిలోంచి పిలిచే పిలుపు పోయింది. నలుగురు ఒకేసారి మాట్లాడితే ఎవరిదేమిటో తెలియకుండా పోయింది. ఎదురుగా కూర్చుని ఒక్కరే మాట్లాడితే మాత్రం మొహం చూస్తూ చాలావరకు పట్టుకునేవాడు. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ మాట ముదీర్ దాకా పోతుంది. చెవిటివాణ్ని యంత్రం దగ్గర నిలబెట్టుకునే మేనేజరు ఎక్కడైనా ఉంటాడా? టికెట్ చేతిలో పెట్టి ఇంటికి పంపేస్తాడు.

క్యాంపు గదిలో ఎనిమిది మంది ఉండేవారు. అందరిలోకీ వెంకట్రాములు నోరున్నవాడు. పగలంతా ఎండలో లారీలకు కంకర ఎత్తించి వచ్చినా, సాయంత్రం స్నానం చేసి మంచమెక్కి కూర్చున్నాడంటే గది మొత్తం నవ్వాల్సిందే. ఆ నవ్వులు పర్శరాములుకు కనబడేవి, కారణం మాత్రం అందేది కాదు. అందరూ నవ్వుతున్నారు గదా అని తనూ నవ్వేవాడు. ఒక సాయంత్రం వెంకట్రాములు కిటికీ వైపు తిరిగి తన తల్లికి జబ్బు చేసిందని చెబుతుంటే, ఇదీ ఎప్పటిలాంటి కబురే అనుకుని పర్శరాములు పెద్దగా నవ్వాడు.

ఆనాటి నుంచి వెంకట్రాములు అతనితో మాట తగ్గించాడు. వెంకట్రాములు తగ్గిస్తే గది తగ్గించినట్టే. పర్శన్నకు పొగరెక్కిందని అనుకున్నారు. పర్శరాములు అన్నం పళ్లెం పట్టుకుని గది బయటి మెట్టు మీద కూర్చుని తినడం మొదలుపెట్టాడు. ఎండకూ రాళ్లకూ ఎన్నడూ వెరవనివాడికి, ఇక గల్ఫ్ చాలు, ఇంటికి పోదామని మొదటిసారి అప్పుడే అనిపించింది.

అలాంటి రోజుల్లో ఒక శుక్రవారం బజారుకు పోయినప్పుడు, ఒక దుకాణం ముందు జనం గుమిగూడి ఉండడం చూశాడు. అద్దం లోపల వరసగా టీవీలు వెలుగుతున్నాయి. అన్నిటిలోనూ ఒకే ఆడమనిషి ఉత్తరమేదో మడిచి కొంగు కింద దాచుకున్నట్టు దుస్తుల్లో దాచుకుంటోంది. తలుపు వేసి ఉంది కాబట్టి శబ్దం ఎవరికీ వినబడడం లేదు. పఠాన్లు, మలయాళీలు, బలూచీలు, అందరూ నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. పర్శరాములు అటూ ఇటూ చూశాడు. ఇంతమంది, అచ్చం తనలాగే ఉన్నారు. పైగా ఆ ఆడమనిషి ఎవరికి భయపడుతోందో తనకు ఇట్టే తెలిసిపోయింది. పక్కనున్న పఠాను మాత్రం అర్థం కాక తల గోక్కుంటున్నాడు.

ఆ క్యాంపులో ఒక అలవాటు ఉండేది. ఏటా ప్రతి గదిలో అందరూ కలిసి ఒక వస్తువు కొనుక్కునేవారు. అది గదిది. పోయేవాడు తన వాటా అడగకూడదు, వచ్చేవాణ్ని ఎవరూ అడగకూడదు. ఆ ఏడు వీళ్ల వంతుకు టేపురికార్డర్ కొందామని వెంకట్రాములు తేల్చేశాడు. పాటలు వినొచ్చు, ఊరినుంచి ఇంటివాళ్లు మాటలు నింపి పంపే క్యాసెట్లు పక్కగదివాళ్లను బతిమాలకుండా వినొచ్చు. ఎవరూ కాదనలేదు. టేపు వచ్చిందంటే గది మొత్తం చెవుల చుట్టూనే తిరుగుతుంది, తాను ఇక మెట్టు మీదే అని పర్శరాములుకు అర్థమైంది. లేచి నిలబడ్డాడు.

"టీవీ కొందాం" అన్నాడు.

గది ఆశ్చర్యపోయింది. వెంకట్రాములు అతని ఎదురుగా వచ్చి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"మన మాటలే ఇంటలేవు గదనే నువ్వు. టీవీల గా అరబ్బీ మాటలు ఇంటవా?"

"నాకు రాకుంటేంది, బుడేన్ సాబ్‌కు వస్తది గద. ఆయన మనకు జెప్తడు."

అందరి కళ్లూ మూలమంచం వైపు తిరిగాయి. బుడేన్ సాహెబ్ నెల్లూరు జిల్లావాడు, క్యాంపుకూ ఊళ్లోని ఆస్పత్రికీ నీళ్ల ట్యాంకర్ నడుపుతాడు. గదిలో అందరికన్నా పెద్ద. రోజూ పొద్దున్నే అరబ్బీలో ఖురాన్ చదువుతాడు, దారిలో ఆపే పోలీసులతో అరబ్బీలోనే మాట్లాడి బయటపడతాడు. ఆయనకు ఆ భాష రాదని అనుమానించినవాడు లేడు. ఆయన గడ్డం నిమురుకుని, "కొంచెం కొంచెం తెలస్తాదిలే" అన్నాడు. దాంతో టీవీయే ఖాయమైంది.

మరుసటి శుక్రవారం ట్యాంకర్‌లోనే వెళ్లి తెచ్చారు. దారిపొడుగునా పెట్టెను పర్శరాములు ఒళ్లో పెట్టుకుని, గుంట వచ్చినప్పుడల్లా రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు. క్యాంపులో దిగాక యాంటెన్నా ఏ దిక్కుకు పెట్టాలన్న చర్చ వచ్చింది. ఇండియా వైపు పెడితే ఇండియా బొమ్మలు రావా అన్నాడొకడు. బుడేన్ సాహెబ్ నమాజుకు నిలబడే దిక్కుకు వీపు పెడితే ఇండియా అని లెక్కగట్టి, యాంటెన్నాను ఎదుటి కొండకేసి బిగించారు. కొండ ఏమిస్తుంది? తెర నిండా ఆవాలు వేగుతున్నట్టు చుక్కలు. చివరికి విసుగెత్తి దుబాయ్ వైపు తిప్పితే బొమ్మ వచ్చింది. ఒక లావాటి మనిషి అరుస్తున్నాడు, ఒక పడుచుపిల్ల ఏడుస్తోంది.

"ఏమంటున్నడు సాబ్?" అని అడిగాడొకడు.

"తండ్రి. పెండ్లికి ఒప్పుకోమంటున్నాడు" అన్నాడు బుడేన్ సాహెబ్.

రెండో రోజు ఒక ముసలాయన చనిపోయాడన్నాడు. మూడో రోజు ఆ ముసలాయనే కుర్చీలో కూర్చుని కనిపించాడు.

"సచ్చిపోయిండన్నవు గద సాబ్, చాయ్ తాగబట్టె" అన్నాడు వెంకట్రాములు. గది గొల్లుమంది.

బుడేన్ సాహెబ్ నవ్వలేదు. తల మీది టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నాకు తెలిసిన అరబ్బీ రెండు రకాలు, అబ్బయ్యా. ఒకటి అల్లాకు చెప్పుకునేది. రెండోది కఫీల్, అంటే మన యజమాని, చెప్తే వినేది. వీళ్లది మూడో రకంగా ఉండాది."

ఆయనను ఏమీ అనలేక అందరూ పర్శరాములు మీద పడ్డారు. అతని మాట పట్టుకునే కదా ఈ పెట్టె వచ్చింది! ఖలాస్, శుక్రవారం దీన్ని వాపసిచ్చి టేపు తెద్దామని వెంకట్రాములు తీర్మానించాడు. పర్శరాములు తెరనూ వాళ్ల మొహాలనూ మార్చి మార్చి చూశాడు. మాటలు అందకపోయినా ఏం జరుగుతోందో తెలిసింది.

"గా లావుపాటాయన తండ్రి గాదు, బావ" అన్నాడు. "ఆమె అక్క మొగడు. తండ్రి గా ముసలాయన, ఆయన వస్తే పిల్ల చేతిల పని ఇడిసి లేస్తది. ఈయన వస్తే లేస్తది గని పని ఇడువది. ఆమె ఏడ్సేది పెండ్లికి గాదు. అక్కకేదో రోగమున్నది, గది చెల్లెకొక్కదానికే ఎర్క."

"నువ్వు పోయి అడిగొచ్చినవానే?" అని ఎగతాళి చేశారు. సరే, రేపు చూద్దామన్నాడు పర్శరాములు.

మర్నాడు బొమ్మ రాగానే ఆస్పత్రి కనబడింది. మంచం మీద అక్క, పక్కన చెల్లెలు, గుమ్మంలో అరవడం మరిచిపోయిన బావ. ఎవరో జరిగి పర్శరాములుకు నడిమంచం మీద చోటిచ్చారు. శుక్రవారం వచ్చింది, పోయింది. టీవీని వాపసిచ్చే మాట ఎవరూ ఎత్తలేదు. పక్కగదుల్లో టేపులు ఉన్నవాళ్లు కూడా సీరియల్ వేళకు వచ్చి గోడవారన నిలబడేవారు. పర్శరాములు చెప్పేవన్నీ నిజమయ్యేవి కావు. నగ దొంగిలించింది వంటమనిషని పొరబడ్డాడు, దొంగ మేనల్లుడని తేలినప్పుడు రెండు రోజులు ఏడిపించారు. ఆ ఏడిపించడం కూడా అతనికి బాగానే ఉంది.

ఒక సాయంత్రం ఇంకా సీరియల్ మొదలుకాకముందే వెంకట్రాములు వచ్చి అతని ఎదురుగా కూర్చున్నాడు.

"నిజం జెప్పు పర్శన్నా. అరబ్బీ ఎన్నడు నేర్సినవ్?"

పర్శరాములు వేళ్లు విరుచుకున్నాడు. అబద్ధమాడడానికి వీలుగానే ఉంది. కానీ నడిమంచం మీద కూర్చుని అబద్ధమాడితే మళ్లీ మెట్టు మీదికే పోతానని అనిపించింది.

"నేర్వలే. నాకసలు ఇనవడుతనే లేదు తమ్మీ. మీ మాటలు గూడ గిట్లనే సూస్త. ఎదురుంగుంటే దొరుకుతయి. అటు తిరిగితే పోతయి. మీ అవ్వ సంగతి జెప్పిననాడు నువ్వు కిటికీకి తిరిగి ఉంటివి."

వెంకట్రాములు మొహం అతనికి ఎదురుగా పెట్టి, నోరు బాగా తెరిచి, ఒక్కొక్క మాటే విడదీసి అన్నాడు.

"మా అవ్వకు నయమైంది, పర్శన్నా."

"మంచిగైంది" అన్నాడు పర్శరాములు.

బుడేన్ సాహెబ్ మంచం దిగి వచ్చాడు. ట్యాంకర్ మీద పైపు పట్టేదానికి ఒక మనిషి కావాలని తానే ముదీర్‌ను అడుగుతానన్నాడు. క్రషర్ మోతకు దూరమైతే ఉన్న వినికిడైనా నిలబడుతుందేమో. నీళ్లు పోయడానికి ఆస్పత్రికి పోయినప్పుడు అక్కడి చెవుల డాక్టరుకు చూపించొచ్చు. ముదీర్ ఒప్పుకుంటాడో లేదో ఆయనకూ తెలియదు. కానీ ఆ మాటలన్నీ వెంకట్రాములు తిరిగి పర్శరాములు మొహంలోకి చూస్తూ చెప్పాడు, మధ్యలో తన సొంత సలహాలు కలుపుతూ.

ఆ కలపడం ఎంతకీ తెగలేదు. తెర మీద అప్పటికే బొమ్మ మొదలైపోయింది, దానికి అడ్డంగా వెంకట్రాములు తల. గోడవారన ఉన్నవాళ్లు కేకలు వేశారు. ఆ కేకలు పర్శరాములుకు అందలేదు గానీ, ఆ మొహాలన్నీ ఒకే మాట అంటున్నాయి. వెంకట్రాములును పర్శరాములే భుజం పట్టుకుని తన పక్కకు లాక్కున్నాడు.

"జర జరుగు తమ్మీ. గా మేనల్లుడు ఇయ్యాల దొరుకుతడు."