మూడు కిలోవాట్ల ఇల్లు

ఓర్నెల్లా ఏ విద్యుత్ పరికరాన్నైనా ముందు తిరగేసి, వెనక రాసిన ఆంపియర్లు చూసి, రెండువందల ముప్పై వోల్టులతో పెదవులమీదే గుణిస్తుంది. ఆ ఇంటికి ఇచ్చిన మూడు కిలోవాట్ల హద్దు బాగా దాటితే మీటరు కరెంటు ఆపేస్తుంది. మళ్లీ వేయాలంటే నాలుగంతస్తులు దిగాలి. ఆ కాసేపూ భర్త రెన్జోకి ఆక్సిజన్ మిషన్ ఉండదు.

ఆదివారం లజాన్యా కోసం ఓవెన్ వేసి ఉండగా ఆడపడుచు నీవెస్ తలస్నానం చేసి హెయిర్ డ్రయ్యర్ తీసింది.

"అది తొమ్మిది ఆంపియర్లు, అంటే రెండు వేల డెబ్భై వాట్లు. ఓవెనూ అంతే లాగుతోంది. కాస్త ఆగమ్మా."

"జుట్టు ఆరబెట్టుకోవడానిక్కూడా లెక్కలేనా వదినా?" అంటూనే నీవెస్ స్విచ్ వేసింది.

ఓర్నెల్లా ఆపేలోపే పక్కగదిలో మిషన్ చప్పుడు ఆగిపోయింది. డ్రయ్యర్ ప్లగ్గు పీకేసి, చెప్పులు కూడా లేకుండా కిందికి పరిగెత్తి, మీటరు మీట ఎత్తి, పైకొచ్చి, మంచం అంచు పట్టుకుని రొప్పుతూ నిలబడింది.

రెన్జో ఆమెను ఎగాదిగా చూసి ముక్కు దగ్గరి గొట్టం తీశాడు.

"ఇదిగో, ముందు నువ్వు పీల్చుకో."