2071వ సంవత్సరపు ఉత్తరం

2015 అక్టోబరు 11, ఆదివారం. మస్కట్‌లోని బౌషర్‌లో ఒక ప్రైవేటు క్లినిక్‌లో సిబ్బంది ఫైళ్లు చూసే గుమాస్తాగా అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ల సర్వీసు. మనుషుల మాటలు మారవచ్చు గాని కాగితం మీది తేదీ మారదని నా నమ్మకం.

ఆ ఉదయం వీపున పెద్ద బ్యాగుతో జ్యోతి గ్రేస్ అనే అమ్మాయి వచ్చింది. కాకినాడ మనిషి, వయసు ఇరవై ఆరు, నర్సు. 2014 మే నెలలో ఉద్యోగం మానేసి, దేశాలు చూస్తూ, దొరికిన చిన్నాచితకా పనులు చేస్తూ ఒమన్ చేరింది. మా దగ్గర ఖాళీ ఉందని చర్చిలో ఎవరో చెప్పారట. ఆమె విజిట్ వీసా 20వ తేదీతో ముగుస్తుంది. ఆలోగా ఆఫర్ లెటర్, అంటే ఉద్యోగం ఇస్తామన్న కాగితం, అందితేనే బయటి దేశంలో ఉండి వర్క్ వీసా కోసం ఎదురుచూడగలదు. అందకపోతే ఆమె ప్రయాణం అక్కడితో సమాప్తం.

అడ్డంకి ఒక్కటే. వృత్తికి ఏడాదికి మించి దూరమైతే దానిని ‘గ్యాప్’ అంటాం. అటువంటి ఫైలు ముందుకు కదలకూడదన్నది మా క్లినిక్ నియమం. ఆమెకు పదిహేడు నెలలు.

“మధ్యలో నాలుగు నెలలు నేపాల్‌లో చేశానండి, కొండమీద మిషన్ ఆస్పత్రిలో.”

పాస్‌పోర్టు తిరగేశాను. శ్రీలంక ముద్ర ఉంది, నేపాల్‌ది లేదు.

“మనవాళ్లకి అక్కడ ముద్ర వెయ్యరు సార్. ఇదిగో, వాళ్లిచ్చిన లెటర్.”

లెటరు మీద తేదీ 2071-12-20.

“అమ్మా, ఈ తేదీ రావడానికి ఇంకా యాభై ఆరేళ్లుంది. అప్పటిదాకా నేనుండను.”

“అది వాళ్ల సంవత్సరం సార్. ఉగాదికి మనం ఏడాది మార్చమా? ఇదీ అంతే.”

“ఉగాది ఇంట్లో. ఆఫీసులో కాదు.”

ఫైలు మీద ‘తేదీ చెల్లదు’ అని రాసి సంతకం చేశాను. ఆమె వాదించలేదు. ఉత్తరం మాత్రం తిరిగి తీసుకోలేదు.

“ఉంచండి సార్. తెలిసినవాళ్లెవరినైనా ఒక్కసారి అడగండి. ఇరవయ్యో తారీఖు దాకా ఇక్కడే ఉంటాను.”

మూడు రోజులు ఆ కాగితం నా బల్ల మీదే ఉంది. బుధవారం టీ ఇవ్వడానికి వచ్చిన తమాంగ్ దానిని చూసి ఆగాడు. అతను నేపాలీ, మా ఆఫీసు అటెండరు.

“యే తో హమారా చైత్ హై, సాబ్,” అన్నాడు నవ్వుతూ. అది వాళ్ల చైత్ర మాసమట.

“చైత్రం పన్నెండో నెల ఎలా అవుతుంది?”

“హమారే యహాఁ ఆఖరీ మహీనా. మేరీ ఫైల్ దేఖో న!” వాళ్లకు అదే ఆఖరి నెలట, కావాలంటే తన ఫైలు చూడమన్నాడు.

అతని ఫైలు తీశాను. పౌరసత్వ పత్రంలో పుట్టిన సంవత్సరం 2035, పదకొండో నెల. పాస్‌పోర్టులో 1979 ఫిబ్రవరి. తేడా యాభై ఆరేళ్లు. రెండు పత్రాలనూ ఆ ఫైలులో పెట్టింది నేనే. పక్కపక్కన పెట్టి చూడలేదు. వాళ్ల నెల మన నెల మధ్యలో మొదలవుతుందని తమాంగ్ చెప్పాడు. ఆ లెక్కన ఉత్తరం 2015 ఏప్రిల్‌ది. గ్యాప్ ఆరు నెలలే.

‘తేదీ చెల్లదు’ను కొట్టివేసి, పక్కన ‘తప్పు నాది’ అని రాసి, మళ్లీ సంతకం చేసి, ఫైలును మేట్రన్ గదికి స్వయంగా తీసుకెళ్లాను. మరునాడు ఇంటర్వ్యూ జరిగింది. 18న ఆఫర్ లెటరుతో ఆమె కొలంబో విమానం ఎక్కింది. లైసెన్సు పరీక్ష, సర్టిఫికెట్ల తనిఖీ, వీసా పూర్తయ్యేసరికి నాలుగు నెలలు పట్టింది.

2016 ఫిబ్రవరి 15న డ్యూటీలో చేరుతూ, ఫారం మీద తేదీని ఇంగ్లీషు లెక్కన ఒకసారి, నేపాల్ లెక్కన ఒకసారి రాసింది. “మీరు మళ్లీ యాభై ఆరేళ్లు ఆగక్కర్లేదు సార్.”

తమాంగ్ గట్టిగా నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ అమ్మాయి కోపంతో ఉత్తరం లాక్కుని వెళ్లిపోయి ఉంటే నా తప్పు నాకెప్పటికీ తెలిసేది కాదు. ఆ మూడు రోజుల ఓర్పుకు ఈనాటికీ ఆమెకు కృతజ్ఞుణ్ణి. తేదీల మీద నా నమ్మకం పోలేదు. కాని రిటైరయ్యే వరకు, అర్థం కాని తేదీ కనబడితే కలం మూసి, ముందు తమాంగ్‌ను పిలిచేవాణ్ణి.