నాయకుడి గదిలో మా నాన్న కుర్చీ

దేశానికి స్వాతంత్ర్యం తెచ్చిన నాయకుడి ఇంట్లో ఆ నాయకుడి కంటే ఎక్కువ కాలం గడిపినవాడు మా బావ. నాయకుడు ఉన్నది తొమ్మిదేళ్లే, అందులో సగం జైల్లో. దొరల కాలంనాటి ఆ మేడను మ్యూజియం చేశాక, తలుపులు తీయడం, దుమ్ము దులపడం, వచ్చినవాళ్లకు గది గదీ తిప్పి కథ చెప్పడం అన్నీ మా బావ పనే. చెప్పీ చెప్పీ, ఇంట్లో కూడా నాయకుడిలా చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తాడు. పిల్లనిచ్చిన పాపానికి మేం భరిస్తున్నాం.

పదకొండేళ్ల కిందట ఒక మంత్రిగారు ఫొటో కోసం తాడు దాటి నాయకుడి కుర్చీలో కూర్చున్నారు. నాయకుడు బక్కపలచని మనిషి. మంత్రిగారు అలా కాదు. కాలు విరిగింది, కుర్చీదే. మర్నాడే తనిఖీ. మంత్రిగారిని అడిగే దమ్ము ఎవరికుంది? మాట పడాల్సింది మా బావే.

అంతకు ఏడాది ముందే మా నాన్న పోయాడు. తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే గుమాస్తా. జెండా పట్టలేదు, జైలు మొహం చూడలేదు. ఆయన కుర్చీ ఒక్కటీ మా అక్క అడిగి తెచ్చుకుంది. అచ్చం నాయకుడి కుర్చీ లాంటిదే, అదే రంగు, అవే చేతులు. "నాలుగు రోజులే. నా ఉద్యోగం నిలబెట్టు" అని బతిమాలి మా బావ దాన్ని మోసుకుపోయాడు. ఆ రోజు నుంచి జనం మా నాన్న కుర్చీకి దండం పెడుతున్నారు.

"మీ నాలుగు రోజులు ఇంకా కాలేదా?" అని మా అక్క పదకొండేళ్లు అడిగింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. బావ చేతులు వెనక్కి కట్టుకుని మ్యూజియానికి బయల్దేరేవాడు.

ఈ ఏడాది మ్యూజియంలోని వస్తువుల నిజానిజాలు తేల్చడానికి ముగ్గురు నిపుణులు వచ్చారు. మా అక్క పట్టు పట్టింది. "ఉన్నదున్నట్టు చెప్పేయండి. ఉద్యోగం పోతే పోనీ. కుర్చీ అడుగున చూడమనండి, చిన్నప్పుడు నేను మేకుతో 'చిట్టి' అని గీశాను. నాన్న నన్ను పిలిచే పేరు."

బావ ధైర్యం చేసి అంతా చెప్పేశాడు. కాపలా గదిలోంచి అసలు కుర్చీ కూడా తెచ్చి చూపించాడు. విరిగిన కాలికి మేకులు కొట్టి, ఇన్నాళ్లూ దానిమీదే కూర్చుని అన్నం తింటున్నాడు. పెద్ద నిపుణుడు దానిమీద తన సంచి పెట్టి, "దీని మొహం చూస్తేనే తెలుస్తోందిగా, నకిలీ అని" అన్నాడు. తర్వాత మా నాన్న కుర్చీని తిరగేశాడు. చిట్టి అని కనిపించింది.

"నాయకుడికి పిల్లలు లేరు కదండీ" అని గుర్తుచేశాడు బావ.

"లేకనేనయ్యా!" నిపుణుడు కుర్చీకి దండం పెట్టాడు. "దేశంలో ప్రతి పిల్లా ఆయనకు చిట్టే!"

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. కుర్చీకి అద్దాల పెట్టె వచ్చింది, దాని పక్కన చిట్టి గురించి రాసిన పలక వచ్చింది. నాయకుణ్ణి కించపరిచినందుకు బావకు మెమో వచ్చింది.

మా అక్క నెల రోజులు బావతో మాట్లాడలేదు. ఒక ఆదివారం టిక్కెట్టు తీసుకుని, జనంలో కలిసి వెళ్లి పెట్టె ముందు నిలబడింది. నేనూ వెనకే ఉన్నాను. పలక మీదున్నది చదవబోయిన బావకు ఆమె కనిపించింది. పలకను వదిలేసి ఆమెవైపు తిరిగాడు. సొంతంగా మొదలుపెట్టాడు.

"ఈ కుర్చీలో కూర్చునే ఆయన సాయంత్రం రాగానే చెప్పులు విప్పి, కుడికాలు మడిచి కూర్చునేవారు. చేతివేళ్లకు ఉత్తరాల సిరా. అది చూసి ఒక చిన్నపిల్ల నవ్వేది. ఆయన ఆ సిరాతో దాని ముక్కు మీద చుక్క పెట్టేవారు."

జనం కళ్లు తుడుచుకున్నారు. "ఎంత గొప్ప నాయకుడైనా మనలాంటి మనిషే!" అంది ఒకావిడ.

నాకు ఏడుపొచ్చింది. సిగ్గులేకుండా ఏడ్చాను.

ఇప్పుడు మా అక్క ప్రతి ఆదివారం వెళ్తుంది. ఇంటికొచ్చాక బావను సరిదిద్దుతుంది.

"కుడికాలు కాదండీ, నాన్న ఎడమకాలు మడిచేవాడు. వచ్చేవారం సరిగ్గా చెప్పండి."