ఆకాశంలో చారలు

పరిశోధన వెలగబెడుతున్న ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. బస్సు రాకపోతే కోపం, అవ్వ, అంటే మా అమ్మ, అన్నానికి పిలిస్తే కోపం, మబ్బు పడితే మబ్బు మీద కూడా కోపం. (మబ్బు మీద కోపానికి మాత్రం కారణం ఉంది.) నా పని రాత్రి ఆకాశాన్ని ఫొటోలు తీయడం. ఎక్కడో ఉరుముల వాన కురిస్తే గాలి ఎగదన్నుకుని అలలుగా పైకి లేస్తుంది. పైన గాలి పలచన కాబట్టి ఆ అలలు పోయినకొద్దీ పెద్దవై, రెండు మూడు వందల కిలోమీటర్ల ఎత్తున విద్యుత్తు నిండిన అయనావరణాన్ని కుదిపేస్తాయి. రాత్రిపూట అక్కడ కంటికి ఆనని ఎర్రటి వెలుగొకటి ఉంటుంది. అల వస్తే అందులో చారలు పడతాయి, మంచి కెమెరాకు దొరుకుతాయి. పట్నంలో దీపాల గోల ఎక్కువని మా గైడు (చాటున ఆయన్ని చండామార్కుల సారు అనేవాళ్లం) కెమెరాను హుస్నాబాద్ అవతల మా ఇంటి డాబా మీద పెట్టుకోనిచ్చాడు. మూడు నెలల్లో అలలు దొరకకపోతే కెమెరా వాపసు, నా పీహెచ్‌డీ గోవిందా.

మొదటి వారమే దొరికాయి. ఒకటా రెండా, ఫొటో నిండా చారలే, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా. ఆదివారాలు తప్ప ప్రతి రాత్రీ వచ్చాయి. ఆ ఆదివారం సంగతిని నేను ఊరికే వదిలానా? పై గాలుల్లో ఏడు రోజులకోసారి వచ్చే మార్పు అంటూ రెండు పేజీలు రాసిపడేశాను. మబ్బు పట్టిన రాత్రి కూడా చారలు కనిపిస్తే, మబ్బును చీల్చుకొచ్చేంత బలమైన అల అని రాశాను. (నవ్వేవాళ్లు నవ్వండి, నేను నవ్వడానికి నాలుగేళ్లు పట్టింది.) చండామార్కుల సారు మురిసిపోయి, వెంటనే సదస్సుకు పంపమన్నాడు.

మా బాపు పక్క షెడ్డులో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. వ్యాసం పంపే రోజు పొద్దున నైట్ డ్యూటీ దిగొచ్చి, చాయ్ తాగుతూ నా లాప్‌టాప్‌లోకి తొంగిచూశాడు. నేసిన బట్టను వెలుగుకు పట్టి తప్పు వెతికేటప్పుడు ఎలా తల వంచుతాడో అలాగే వంచి చూశాడు.

"గిది ఆకాశంల పడ్డ చార గాదు బిడ్డా. గింత సమానంగ మిషినే ఏస్తది."

నాకు ఒళ్లు మండిపోయింది. పదో తరగతి దాటని మనిషి నాకు అయనావరణం గురించి చెప్పడమా అనుకున్నాను. అనుకుని ఊరుకున్నా బాగుండేది. నీకేం ఎరుక, నీ సాంచెలు నువ్వు చూసుకో అని మొహం మీదే అనేశాను. అవ్వ గరిటెతో సహా వంటింట్లోంచి బయటికొచ్చింది. బాపు మాత్రం గ్లాసు కింద పెట్టి, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగాడు.

"ఆదివారం మా సాంచెలు బందుంటయ్. మరి నీ ఆకాశం గూడ ఆదివారం సెలవు వెట్టిందా?"

కెమెరా వైరు పట్టుకుని మీటరు దాకా పోయి చూశాను. మా ఇంటికీ షెడ్డుకీ ఒకటే కరెంటు లైను. షెడ్డు నిండా సాంచెలు ఆ కరెంటును వణికిస్తుంటే, ఆ వణుకే ఫొటోలో చారలుగా దిగుతోంది. రెండు నెలలుగా నేను ఆకాశం అనుకుని మా పక్క షెడ్డును ఫొటో తీస్తున్నానన్నమాట. షెడ్డు మీద కోపం, ఏమీ పట్టుకోలేని సారు మీద కోపం, అందరికన్నా ముందే పట్టుకున్న బాపు మీద ఇంకా కోపం. వ్యాసం పంపలేదు. సారుకు ఫోన్ చేస్తే ఆయన తిట్టిన తిట్లు పక్కింటికీ వినిపించాయి.

మూడు వారాలే మిగిలాయి. బాపు ఎక్కడినుంచో ఆటో బ్యాటరీ ఒకటి తెచ్చి, కెమెరాకు దాని కరెంటే ఇచ్చుకోమన్నాడు. రోజూ పొద్దున ఛార్జింగుకు కిందికి, సాయంత్రం డ్యూటీకి పోయేముందు భుజాన వేసుకుని డాబా మీదికి. నేను థ్యాంక్స్ చెప్పలేదు, పైగా గోడకు తగిలిస్తున్నావని కసిరాను. చివరి వారం మంథని వైపు ఉరుములు ఉరిమిన రాత్రి, ఫొటోల్లో వంకరగా, ఎడం ఎడంగా, మెల్లగా జరుగుతూ నాలుగు చారలు పడ్డాయి. బాపు చాలాసేపు చూసి, ఇది నిజందే, ఒక్కతీరుగా లేదు అన్నాడు.

వ్యాసం అచ్చయింది. చివర్లో సారుకు, విశ్వవిద్యాలయానికి, కెమెరా బాగుచేసినవాళ్లకు కూడా ధన్యవాదాలు రాశాను. బాపు పేరు రాయలేదు. మరచిపోయి కాదు, సాంచెలు నడిపే మనిషి నా తప్పు దిద్దాడని నలుగురికీ తెలుస్తుందని. పుస్తకం చేతికిస్తే ఆయన అటూ ఇటూ తిప్పిచూసి ఒకే మాట అడిగాడు.

"సారు పేరు ఏసినవా బిడ్డా? ఏయకుంటే పాపం బాధపడ్తడు."

ఆ పిల్ల, అంటే అప్పటి నేను, ఇప్పుడు నా ఎదుట పడితే లాగి ఒక్కటి పీకుదామనే ఉంది. కానీ బాపు ఊరుకోడు. చిన్నపోరి, పోనీ తియ్యి అంటూ అడ్డం వచ్చేస్తాడు.