అత్తయ్యగారి చేతి ఎత్తు కంచె

మా అత్తయ్యగారు నలభై ఏళ్లు లేసు అల్లిన మనిషి. నరసాపురంలో మా వీధిలో ఆవిడంత సన్నగా అల్లేవాళ్లు లేరనేవారు. పంతొమ్మిది వందల తొంభై ఎనిమిదిలో, షుగరు ముదిరి, రెండు కళ్లకీ చూపు పోయింది. సూది పక్కన పెట్టేశారు గానీ పెరడు మాత్రం వదల్లేదు. పొద్దున్నే చెక్క కంచె మీద చెయ్యి వేసి, పలక తర్వాత పలక తడుముకుంటూ, చివరనున్న కనకాంబరాల దాకా వెళ్లి, తన పూలు తనే కోసుకునేవారు. నేను స్కూల్లో టీచర్ని. ఆ వేళప్పుడు క్యారేజీలు సర్దే హడావుడిలో ఉండేదాన్ని. ఆవిడ నన్ను సాయం అడిగిన రోజు లేదు.

కంచె పలకల కొనలు వానకు నాని, ఎండకు చీలి, పేళ్లు లేచాయి. ఒకరోజు ఆవిడ అరచేతిలో పేడు లోతుగా దిగింది. షుగరు ఒళ్లు కదా, పుండు మానడానికి నెల పైన పట్టింది. ఆ తర్వాత ఆవిడ వరండా మెట్టు దిగలేదు.

"పూలు నేను కోసిస్తానండి అత్తయ్యగారూ" అన్నాను.

"పూలదేముంది అమ్మాయ్, బజార్లోనూ దొరుకుతాయి" అన్నారు.

కంచె బాగు చేయించాలని మా ఆయన రేవు దగ్గర పడవలు చేసే వడ్రంగి మేస్త్రీని తీసుకొచ్చారు. మేస్త్రీదీ అత్తయ్యగారి ఈడే. పలకల తలలు గోటితో గిల్లి చూశారు.

"నీళ్లు పైనుంచే దిగుతున్నాయండి. కొనలన్నీ సమంగా కోసేసి, పైన పొడుగునా ఓ పట్టీ కప్పేస్తే ఇక చూసుకోనక్కర్లేదండి."

వరండాలోంచి అత్తయ్యగారు అడిగారు: "ఆ పట్టీ నున్నగా ఉంటుందా మేస్త్రీ గారూ?"

ఆయన వెనక్కి తిరిగి ఆవిడ కళ్లనీ, అరచేతి మచ్చనీ చూశారు. "ఒక్కసారి ఇలా రండి అక్కగారూ" అన్నారు. నేను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. ఆవిడ చెయ్యి ఎక్కడ ఇబ్బంది లేకుండా ఆనుతుందో చూసుకుని, మేస్త్రీ అక్కడ పలక మీద పెన్సిల్‌తో గీత గీశారు.

"అంత పొట్టిగానా? మేకలు దూకేస్తాయండి!" అన్నారు మా ఆయన.

"మేకనైతే తోలుకోవచ్చండి. అక్కగారు పడితేనో?"

మూడు రోజులు పనిచేశారు. విప్పేసిన పాత పడవ అంచు నుంచి టేకు చెక్క తెచ్చారు. అడుగున గాడి తీసి, పలకల తలల మీద కూర్చోబెట్టారు. వాన నీరు ఇటూ అటూ జారిపోయేలా పైభాగం గుండ్రంగా చిత్రిక పట్టారు. మేకుల తలలు లోపలికి దిగ్గొట్టి లప్పం పెట్టారు. ఒక్కో ముక్క బిగించాక, "చూడండి అక్కగారూ" అని పిలిచేవారు.

ఆవిడ రెండు వేళ్లు పెట్టి మెల్లగా జరిపేవారు. "ఇక్కడ లేచిందండి."

మాకేమీ కనిపించేది కాదు. మేస్త్రీ మారుమాట్లాడకుండా గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ చూపించేవారు.

"నా చేతికే తగలట్లేదండి ఇది. మీకెలా తెలుస్తుందండి?" అన్నారు చివరికి.

"లేసులో ఒక్క ముడి తప్పితే మొత్తం విప్పించేవారు మాచేత" అని ఆవిడ నవ్వారు. ఆ నవ్వు విని ఎన్ని నెలలైందో!

ఆఖరి రోజు ఆయన ఉలితో పట్టీ అడుగున గాట్లు పెట్టారు. కుళాయి దగ్గర ఒకటి, మలుపులో రెండు, కనకాంబరాల దగ్గర మూడు. మేమెవరం అడగలేదు. పడవలకు పూసే చేపనూనె కూడా పూసి వెళ్లారు. వారం రోజులు వీధిలోని పిల్లులన్నీ మా పెరట్లోనే!

ఆయన వెళ్లిన మర్నాడు పొద్దున్న స్కూలుకి ఆలస్యమవుతున్నా వరండాలో నిలబడిపోయాను. అత్తయ్యగారు ఒక్కరే మెట్టు దిగారు. పట్టీ మీద చెయ్యి జారుతోంది, వేళ్లు అడుగున గాట్లు వెతుక్కుంటున్నాయి. మూడు గాట్ల దగ్గర ఆగి, చెయ్యి చాచారు. సరిగ్గా పూల మీద పడింది.

మేకలు నిజంగానే రెండుసార్లు దూకి చామంతులు మేసేశాయి. మా ఆయన విసుక్కుంటూనే తోలారు. అత్తయ్యగారు మాత్రం మంచం పట్టే దాకా, ఆరేళ్లపాటు, తన పూలు తనే కోసుకున్నారు.

అన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి, ఆవిడ చెయ్యి ఆ కంచె మీద నడవడం రోజూ చూసి కూడా నాకు తట్టనిది, మేస్త్రీ గారికి ఒక్క చూపులో తట్టింది. ఒక వేసవిలో చేపనూనె పూయడానికి వచ్చినప్పుడు, కాఫీ ఇస్తూ ఆ మాట ఆయనతో అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి నాకు.

ఆయన మొహమాటంగా గ్లాసులోకి చూస్తూ, "కాఫీలో పంచదార కాస్త ఎక్కువైందండి" అన్నారు.