సత్యభామ గారి చార్జింగు టెస్టింగు

రాయగడ బజార్లో చింతపండు టోకు వ్యాపారం చేసే జగ్గారావు గారి భార్య సత్యభామకి కారు నడపడం వచ్చు. నేర్పినవాడు వాళ్ళ పాత డ్రైవరు బాపిరాజు. కంట్లో శుక్లాలొచ్చి స్టీరింగు వదిలేసేక, ఇంట్లో ఊరికే కూర్చోలేక, పక్క సీట్లో కూర్చుని ఆవిడకి నేర్పేడు. "చూపులేని గురువు కదా, ఎదరేం వస్తోందో నేనే చూసుకోవాల్సొచ్చేది. అందుకే బాగా వచ్చింది," అంటుందావిడ.

ఊళ్ళో నడిపితే జగ్గారావు గారికేం అభ్యంతరం లేదు. గొడవంతా కొండల మీదున్న కొరాపుట్ దగ్గరే.

రూతమ్మ అని నర్సు, చాలా ఏళ్ళు వీళ్ళ పక్కింట్లో ఉండేది. సాయంత్రమైతే ఇద్దరూ అరుగు మీద చేరి చింతపిక్కలు తీస్తూ లోకం గురించి మాట్లాడుకునేవారు. ఆవిడని కొరాపుట్ ఆసుపత్రికి బదిలీ చేసేరు. సత్యభామకి సాయంత్రాలు ఎటూ పాలుపోకుండా పోయేయి. ఒక్కర్తీ కారేసుకుని వెళ్ళి రూతమ్మని చూసి రావాలని ఆవిడ కోరిక.

"నేను తీసుకెళ్తాను కదే," అన్నారు జగ్గారావు గారు.

"మీరొస్తే గంటకే 'ఇంక బయల్దేరదామా' అంటారండి. నేను తిని, పడుకుని, లేచి, మళ్ళీ మాటాడాలి."

"దారి తెలీదు నీకు. కొండల్లో తప్పిపోతే ఎవర్నడుగుతావు?"

2009 వేసవిలో మేనల్లుడు వంశీ విశాఖపట్నం నుంచి వస్తూ దారి చూపించే మిషనొకటి తెచ్చేడు. అద్దానికి అంటించి, సిగరెట్టు లైటరు పెట్టే గుంటలో దాని ప్లగ్గు గుచ్చితే ఎటు తిరగాలో అదే చెప్తుంది. జగ్గారావు గారు ముచ్చటపడి నలుగురు వ్యాపారస్తుల్నీ పిలిచి చూపించేరు. ఆ హుషారులో అందరి ముందూ మాట జారేరు. "ఇది ఆరిపోకుండా కొరాపుట్ దాకా పనిచేసిందనుకో, ఆ మర్నాటి నుంచి నీ ఇష్టం, ఒక్కర్తివీ ఎళ్ళు."

సత్యభామ ఆ మాట పట్టేసుకుంది. మిషను మాత్రం ఊరు దాటిన కాసేపటికే ఆరిపోయింది.

ప్లగ్గు మీద చిన్న ఎర్రలైటు ఉంటుంది. కరెంటు అందుతుంటే అది వెలగాలి. గోతిలో పడితే వెలిగేది, రోడ్డు బాగుంటే ఆరిపోయేది. బాపిరాజు ఆలోచించి, "అమ్మా, గోతులు సూసి వాటిల్లోంచే నడపండి," అన్నాడు. గోతులకి మా దగ్గర కరువేం లేదు కానీ, నడుములకి కరువొచ్చింది.

బస్టాండు పక్కన ఎలక్ట్రికల్ పని చేసే తాతారావు ఫ్యూజు తీసి చూసేడు, బాగానే ఉంది. వైరు మార్చేడు. మిషన్ని తన బ్యాటరీకి తగిలిస్తే చక్కగా చార్జి ఎక్కింది. కార్లో పెడితే మళ్ళీ అదే వరస. వంశీకి ఫోను చేస్తే, "ఆపి మళ్ళీ ఆన్ చెయ్యత్తా," అన్నాడు. సత్యభామ కారాపి మళ్ళీ ఆన్ చేసింది. "కారు కాదత్తా, మిషను!"

"టెస్టింగు చెయ్యాలి. నడిస్తేనే కదా తెలుస్తుంది," అన్నాడు తాతారావు. మిషను బాగుపడాలని జగ్గారావు గారికీ ఉంది. పెద్ద మనసుతో ఒప్పుకున్నారు. బాపిరాజుని పక్కన కూర్చోబెట్టుకుని సత్యభామ టెస్టింగుకి బయల్దేరింది.

రెండో టెస్టింగులోనే ప్లగ్గు చెయ్యిజారి ఒళ్ళో పడింది. కొసంతా బూడిద. మల్లెపూల వాసన! ఆవిడకి అర్థమైపోయింది. రోజూ పొద్దున్నే జగ్గారావు గారు డాష్‌బోర్డు మీద దేవుడికి దణ్ణం పెట్టి, అగరబత్తులు రెండు వెలిగించి గుచ్చేది ఆ గుంటలోనే. కారు కొన్నప్పటి బూడిద, పుల్లల మొదళ్ళు అడుగున గట్టిపడిపోయున్నాయి. తాతారావు కూడా కారు దగ్గరికొస్తే ముందు అగరబత్తికి దణ్ణం పెట్టేవాడు, దాని అడుగున ఏముందో చూడాలని ఎలా తోస్తుంది?

సత్యభామ ప్లగ్గు పైటకొంగుతో తుడిచి, మళ్ళీ ఆ బూడిదలోనే గుచ్చింది.

"మరి చెప్పలేదేం?" అనడిగేను నేను, తర్వాతెప్పుడో ఆవిడ ఇదంతా చెప్తుంటే.

"చెప్తే టెస్టింగు అయిపోదూ! దారి మిషనుకి తెలిస్తే సరా, నాకు రావద్దూ?" అని నవ్విందావిడ.

అలా టెస్టింగు సాగింది. కొరాపుట్ దారిలోనే ఒకసారి లక్ష్మీపూర్ దాకా, ఒకసారి కాకిరిగుమ్మ దాకా. మిషను ఆరిపోవడం, ఆవిడ కారాపి, సంతకెళ్తున్నవాళ్ళని తనకొచ్చినంత దేశియాలో, ఆ కొండవాళ్ళ భాషలో, దారడగడం. ఓసారి దారి తప్పి కాశీపూర్ రోడ్డెక్కేసి, చాలా దూరం పోయి వెనక్కొచ్చింది. ఇంటికొచ్చేక మొగుడికి రిపోర్టు, "అబ్బే, చార్జి ఎక్కట్లేదండి."

చివరికి జగ్గారావు గారికి విసుగెత్తింది. "ఈ మిషను వంశీకి పంపేద్దాం. సోమవారం నుంచి జగన్ అని కుర్రాడు డ్రైవరుగా వస్తాడు. ఇంక నువ్వు శ్రమపడక్కర్లేదు."

జగన్ వస్తే స్టీరింగు పోయినట్టే. శనివారం సత్యభామ ఇంజను ఆపి, తాళం తీసి, ఎండు టూత్‌బ్రష్షుతో గుంటంతా దులిపేసింది. ప్లగ్గు గుచ్చితే ఎర్రలైటు నిలకడగా వెలిగింది.

"ఆదివారం ఆఖరి టెస్టింగు. మీరూ రండి," అంది.

వెనక సీట్లో జగ్గారావు గారు, పక్కన బాపిరాజు. మిషను ఆరలేదు. లక్ష్మీపూర్ దగ్గర ఇంగ్లీషులో కుడికి తిరగమంది. సత్యభామ తిన్నగా పోనిచ్చింది.

"కుడికి అంటోందే!"

"దాని మాటకేమండి, ఆ రోడ్డు కాశీపూర్ పోతుంది. మధ్యలో కల్వర్టు కూడా కూలిపోయింది."

జగ్గారావు గారు వెనక సీట్లోంచి ముందుకి వంగేరు.

"నీకెలా తెలుసు?"

బాపిరాజు దగ్గేడు. "బాబూ, ఈ దారి ఆయమ్మకి నాకంటే బాగా తెల్సు. నాకు కనపడదు కదా."

"అయితే మిషనెందుకే?"

"మీ కోసమండి."

జగ్గారావు గారు లెక్కలు కట్టడం మొదలెట్టేరు. "ఇన్నాళ్ళూ ఎక్కని చార్జి ఇవాళెలా ఎక్కింది?"

"మీ అగరబత్తి బూడిద తీసేసేను."

"ఓహో! తప్పు దేవుడి మీద పెడతన్నావా?"

"దేవుడి మీద కాదు, మీ మీద."

కొరాపుట్లో రూతమ్మ గేటు దగ్గరే నిలబడుంది. జరిగింది విని, పనసకాయ కూర వడ్డిస్తూ, "బావగారూ, మరి మీరిచ్చిన మాట?" అంది.

"మిషను దారి సరిగ్గా చూపించలేదు కదా."

"ఆరిపోకుండా ఉంటే చాలన్నారు. బజారంతా విన్నాది."

ఆయన ఇంకోసారి కూర వేయించుకున్నారు. తిన్నాక చెయ్యి కడుక్కుని, కార్లోంచి మిషను తీసి జేబులో వేసుకున్నారు. "బాపిరాజూ, పద, మనం రైల్లో పోదాం. వీళ్ళ మాటలిప్పట్లో తెమలవు." గేటు దాటుతూ వెనక్కి తిరిగి, "జగన్ని వద్దని చెప్పేస్తాన్లే," అన్నారు.

రైలు కాకిరిగుమ్మ దగ్గర చాలాసేపు ఆగిపోయింది. దీపాలు పెట్టే వేళకి రాయగడ స్టేషన్లో దిగేసరికి బయట సత్యభామ కారానుకుని నిలబడుంది.

జగ్గారావు గారు కారు చుట్టూ ఓసారి తిరిగి చూసేరు. ఎక్కడా గీత లేదు. "దారిలో ఏటైనా ఇబ్బంది పడ్డావా?"

"లక్ష్మీపూర్లో ఆగి టీ తాగేను. ఒక్కర్తినీ, బెంచీ మీద కూచుని."

"బాగుందా అమ్మా టీ?" అన్నాడు బాపిరాజు.

"పంచదార ఎక్కువేసేడు. ఈసారి తక్కువెయ్యమని చెప్పొచ్చేను."