రెండోసారి పోసిన నీళ్లు

లోరెట్టా నోవిట్‌స్కీ చర్చికి వెళ్లడం ఎవరి మీదో అలిగి మానలేదు. పసిపిల్లల వార్డులో నర్సు కాబట్టి ఆదివారాలు డ్యూటీ పడేది. పడని ఆదివారం నిద్ర ముంచుకొచ్చేది. అలా ఏళ్లు గడిచాక, తనకిక నమ్మకం లేదన్న సంగతి ఆమెకే ఆలస్యంగా తెలిసింది, ఎప్పుడో పోయిన గొడుగు సంగతి వానొచ్చాక తెలిసినట్టు. అయినా ఈస్టరుకు ముందు శుక్రవారాల్లో మాంసం ముట్టదు.

"దేవుడు లేడంటావు, కోడి తింటే పాపమంటావు. ఏం లెక్కే నీది?" అని మొగుడు డేల్ ఆటపట్టించేవాడు. లూథరన్లనే వేరే క్రైస్తవ శాఖవాళ్ల ఇంట్లో పుట్టినవాడు, అతనికి ఈ పట్టింపుల్లేవు.

"ఆ శుక్రవారాల్లో బారులో చేపలు బాగా వేయిస్తారు, అందుకని," అనేది. అది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు.

ఫిబ్రవరిలో ఆమె ఆస్పత్రిలో మేరీబెత్ అనే అమ్మాయికి నెలలు నిండకుండానే కొడుకు పుట్టాడు. మంచు తుఫానుకు సరస్సు ఒడ్డు రోడ్డు మూసేశారు. జ్ఞానస్నానం ఇవ్వడానికి ఫాదర్ వచ్చే దారి లేదు. మర్నాడు పొద్దున బిడ్డకు ఊపిరి అందక పెదవులు నీలంగా మారాయి.

"మీరు చెయ్యండి," అంది మేరీబెత్ చక్రాల కుర్చీలోంచి, డ్యూటీలో ఉన్న లోరెట్టాతో. "ప్రాణం మీదికొస్తే జ్ఞానస్నానం ఎవరైనా ఇవ్వొచ్చట, మా అమ్మమ్మ చెప్పింది."

"నేనంత భక్తురాలిని కాదమ్మా."

"నీళ్లున్నాయి కదా! మీకు చేతులున్నాయి కదా!"

లోరెట్టా శుభ్రమైన నీళ్ల సీసాను కాసేపు అరచేతుల్లో వెచ్చబెట్టింది. అంత చిన్న ఒంటికి చల్లటి చుక్క తగిలినా ముప్పే. తర్వాత బిడ్డ తల మీద కొన్ని చుక్కలు పోస్తూ అంది: "వాల్టర్, పిత, పుత్ర, పవిత్రాత్మల పేరిట నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను." చిన్నప్పుడు చర్చి బళ్లో నేర్చిన మాటలు నోటికి వాటంతటవే వచ్చాయి. కళ్లు మాత్రం తెర మీది ఆక్సిజన్ అంకె మీదే ఉన్నాయి. అంకె మెల్లగా పెరిగింది. అంతకు కాస్త ముందే డాక్టరు ఊపిరి గొట్టం సరిచేశాడు, కారణం అదే. అందులో ఆమెకు సందేహం లేదు.

వేసవిలో పిల్లాడు ఇంటికి చేరాక మేరీబెత్ ఫోన్ చేసింది. చర్చిలో వేడుకట. ముందు ఫాదర్ లెనార్డ్ ఒక మాట అడగాలన్నారట.

"ఏమ్మా, దారి మర్చిపోలేదే!" అన్నాడు ముసలి ఫాదర్, చర్చి పక్క గదిలో వాళ్లిద్దర్నీ కూర్చోబెట్టి.

"తలుపు మార్చలేదుగా ఫాదర్."

"మార్చడానికి మీరెవరూ చందా ఇవ్వందే! సరే, చెప్పు. ఆ రోజు జ్ఞానస్నానం ఇవ్వాలనే చేశావా?"

"నాకు నమ్మకం లేదు ఫాదర్. మీకు తెలుసు."

"నమ్మకం సంగతి అడగలేదు. నమ్మనివాళ్లు ఇచ్చినా చెల్లుతుంది. ఇవ్వాలని అనుకున్నావా లేదా? అనుకుంటే అది అయిపోయినట్టే, మళ్లీ చెయ్యకూడదు. లేదంటే ఇవాళ నేను ఇవ్వాలి."

మేరీబెత్ బిడ్డను గట్టిగా పొదువుకుంది. "అనుకున్నారు కదండీ? ఆ వార్డులో ఆ ఒక్క మాట పట్టుకునే కూర్చున్నాను."

అవునంటే అందరూ బతికిపోతారు. లోరెట్టా ఆ పొద్దుటిని మళ్లీ మళ్లీ కళ్ల ముందుకు తెచ్చుకుంది. నీళ్లు గుర్తున్నాయి, అంకె గుర్తుంది, మేరీబెత్ ఏడుపు గుర్తుంది. వాటి వెనక తన మనసులో ఏముందో మాత్రం అందడం లేదు. ఇచ్చానో లేదో గుర్తులేని మందును ఇచ్చానని ఆమె ఏనాడూ చెప్పలేదు.

"నాకు తెలీదు ఫాదర్."

"తెలీకపోవడమేంటండీ?" అంది మేరీబెత్. "మీ నోటితో మీరే అన్నారుగా!"

"అన్నానమ్మా. ఏమనుకుని అన్నానో..."

"అయితే నా నోరు మూయించడానికి చేశారన్నమాట."

"అదీ తెలీదు."

ఫాదర్ చెవి గోక్కున్నాడు. "తెలీనప్పుడు చెప్పడానికీ మా దగ్గర ఓ మాట ఉందిలే. పదండి."

మేరీబెత్ ఆమె వంక చూడకుండా లేచి వెళ్లింది. లోరెట్టా వెనక బెంచీ దగ్గరే నిలబడిపోయింది. ముందర ఫాదర్ రాతితొట్టి మీద పిల్లాణ్ని పట్టుకున్నాడు. "వాల్టర్, నీకు ఇదివరకే జ్ఞానస్నానం జరగకపోయి ఉంటే, ఇప్పుడు ఇస్తున్నాను..."

జరిగింది, ఆపండి, అన్న కేక ఆమె గొంతుదాకా వచ్చింది. ఏం జరిగిందని? తను నమ్మనే నమ్మని పని తన చేతుల మీదుగా జరిగిపోయిందని ఎవరికి చెప్పాలి? నీళ్లు పడగానే పిల్లాడు గుక్కపట్టి ఏడ్చాడు. అందరూ నవ్వారు. తను పోసినవే చెల్లి, ఈ నీళ్లు దండగైపోవాలని ఆమె కోరుకుంటోంది. కోరుకుంటున్నందుకు సిగ్గూ వేసింది.

బయట డేల్ కారు స్టార్ట్ చేసి ఉంచాడు. "ఏమైందే? మొహం అలా ఉందేం?"

"ఆయన మళ్లీ పోశాడు."

"పోస్తే నీకేం పోయింది?"

"అదే అర్థం కావడం లేదు." కారు తలుపు తెరిచి, మళ్లీ మూసేసింది. "నువ్వు ఇంజను ఆపు."

చర్చి మెట్లెక్కుతుంటే, కొడుకునెత్తుకుని మేరీబెత్ ఎదురొచ్చింది. ఆమెకు ఏం చెప్పాలో లోరెట్టాకు ఇంకా తేలలేదు. అయినా దారికి అడ్డంగా నిలబడింది.